పెళ్ళికి పెట్టించుకున్న గోళ్ళు డ్యూటీలో తీసేయమంటున్నారు, నిజంగా అంత ప్రమాదమా?

వంశధార ఒడ్డు | సోమవారం రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మాది గుణుపురం, ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్నీ బరువు తక్కువ పిల్లల్నీ పెట్టే ఎస్‌ఎన్‌సీయూలో రెండేళ్ళ నుంచి. పోయిన వారం మా ఆడపడుచు పెళ్ళయింది. పెళ్ళికని బరంపురంలో జెల్ ఎక్స్‌టెన్షన్, అదే సొంత గోటి మీద జెల్‌తో అతికించే పెట్టుడు గోళ్ళు, పెట్టించుకున్నాను, పద్దెనిమిది వందలయింది, మొదటిసారి, అద్దం ముందు పెట్టి చూసుకుంటే నా చేతులేనా అనిపించింది. ఇవాళ సెలవు అయిపోయి డ్యూటీకి వెళ్తే, లోపలికి వెళ్ళేముందు చేతులు కడుక్కునే సింక్ దగ్గరే మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ నా చెయ్యి పట్టుకుని చూసి, ఇవి తీసేసి రా, అప్పటిదాకా ఏ బిడ్డనీ ముట్టుకోకు అన్నారు. అక్కడ ఇద్దరు తల్లులు, ఆయమ్మ, ట్రైనింగ్ అమ్మాయిలు అందరూ ఉన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. రోజంతా రిజిస్టర్లు రాయడానికి కూర్చోబెట్టారు.

చేతులు కడగడానికి నేను ఎప్పుడూ బద్ధకించలేదు. లోపలికి వెళ్ళేటప్పుడు రెండు నిమిషాలు, ఆరు స్టెప్పులూ చేస్తాను, గ్లోవ్స్ వేసుకుంటాను. గోళ్ళు కూడా మరీ పొడవేం కాదు, వేలి చివర దాటి ఒక బియ్యపు గింజంత. నిజంగా వీటివల్ల పిల్లలకి ఇన్‌ఫెక్షన్ వస్తుందా, ఎక్కడైనా వచ్చిందా, లేకపోతే ఇది ఉత్త పెత్తనమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నైట్ డ్యూటీ | సోమవారం రాత్రి 11:15

చెల్లీ, చదువుతుంటే నాకే కడుపు రగిలిపోయింది. మాది రాయగడ జిల్లా. మా వార్డులో నెలకి పది రోజులు లిక్విడ్ సోప్ ఉండదు. మోచేత్తో తిప్పే కుళాయి విరిగి ఏడాదయింది, చేతులు కడిగి మళ్ళీ అదే చేత్తో కట్టాలి. తుడుచుకోవడానికి అందరికీ ఒకటే టవల్. సామాను కావాలని ఇండెంట్లు రాసి రాసి విసిగిపోయాం. రౌండ్స్‌కి వచ్చే డాక్టర్ల వేళ్ళకి రాళ్ళ ఉంగరాలు, మణికట్టుకి గుడిలో కట్టించుకున్న ఎర్రదారాలు, చెమటకి నల్లబడిపోయి ఉంటాయి, వాళ్ళని అడిగే నాథుడు లేడు. నర్సు గోరు మాత్రం అందరికీ కనిపిస్తుంది. తప్పుంటే పక్కకి పిలిచి చెప్పాలి గానీ తల్లుల ముందా?

పర్లాకిమిడి అక్క | మంగళవారం ఉదయం 6:20

అమ్మా గుణుపురం, నేను ఇరవై రెండేళ్ళు నర్సుగా చేశాను, చివరి ఏడేళ్ళు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ పని నాదే. అందరి ముందూ అనడం తప్పు, అందులో రెండో మాట లేదు. కానీ ఆవిడ చెప్పిన విషయం మాత్రం నిజం. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

చేతి మీద సూక్ష్మజీవులు ఎక్కువగా దాక్కునేది గోరు కింద, వేలి చివరకీ గోటికీ మధ్య ఉండే ఆ సందులో. గోరు ఎంత పెరిగితే ఆ సందు అంత లోతవుతుంది. పెట్టుడు గోరైతే ఇంకో సందు కూడా తోడవుతుంది, నీ గోటికీ అతికించిన పొరకీ మధ్యన. పెట్టిన రోజు గట్టిగానే ఉంటుంది. మనం రోజుకి నలభై యాభైసార్లు నీళ్ళలో, హ్యాండ్ రబ్‌లో చేతులు పెట్టేవాళ్ళం, వారం పది రోజుల్లో ఏదో ఒక మూల పైకి లేస్తుంది, కంటికి కనిపించనంత. ఆ తడి లోపలే ఉండిపోతుంది, నువ్వు ఎన్ని స్టెప్పులు చేసినా అక్కడికి సబ్బూ వెళ్ళదు, రబ్బూ వెళ్ళదు. పెట్టుడు గోళ్ళున్న నర్సుల చేతులు, మామూలు గోళ్ళున్నవాళ్ళ చేతులు పక్కపక్కన పరీక్షించి చూశారు, కడగకముందే కాకుండా కడిగాక కూడా జబ్బు చేసే రకం క్రిములు పెట్టుడు గోళ్ళ మీదే ఎక్కువగా దొరికాయి.

ఎక్కడైనా వచ్చిందా అన్నావు కదా. అమెరికాలో ఓక్లహోమా సిటీలో ఒక ఎన్‌ఐసీయూ, అంటే పసిపిల్లల ఐసీయూ. 1997 జనవరి నుంచి 1998 మార్చి దాకా, పదిహేను నెలలు, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఆ వార్డుని వదల్లేదు. ఆ కాలంలో చేరిన పిల్లలు 439 మంది, వాళ్ళలో 46 మందికి అది సోకింది, ఆ 46 మందిలో 16 మంది చనిపోయారు. వార్డులో ఉన్న వస్తువుల నుంచి తీసిన శాంపిల్స్‌లో ఎక్కడా దొరకలేదు. సిబ్బందిలో 104 మంది చేతుల నుంచి తీస్తే ముగ్గురు నర్సుల దగ్గర దొరికింది. ఒకావిడవి పొడవాటి సొంత గోళ్ళు, ఇంకొకావిడవి పొడవాటి పెట్టుడు గోళ్ళు, మూడో ఆవిడవి పొట్టి గోళ్ళే. ఆ నర్సుల చేతుల మీద ఉన్న రకాలు పిల్లల్లో ఉన్న రకాలతో అచ్చంగా కలిశాయి, ఒక రకం 15 మంది పిల్లల్లో, ఇంకో రకం ముగ్గురిలో. గోళ్ళే కారణమని ఆ పరిశోధన చేసినవాళ్ళు కూడా పూర్తిగా తేల్చి చెప్పలేదు, అది నీకు దాచను. కానీ పిల్లల ఐసీయూలో పనిచేసేవాళ్ళకి పొట్టి సొంత గోళ్ళే ఉండాలనడం సబబే అని రాశారు.

ఆ నర్సులు చేతులు కడగనివాళ్ళని ఎవరూ అనలేదమ్మా. వాళ్ళూ నీలాంటి పిల్లలే అయ్యుంటారు.

2002లో అమెరికాలో జబ్బుల నివారణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ, ఐసీయూలో ఆపరేషన్ థియేటర్లో ఉండే పేషెంట్లని ముట్టుకునేవాళ్ళు పెట్టుడు గోళ్ళు పెట్టుకోకూడదని చెప్పింది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో అడుగు ముందుకెళ్ళి, ఏ పేషెంటునైనా నేరుగా ముట్టుకునేవాళ్ళు పెట్టుకోకూడదు, సొంత గోళ్ళు కూడా వేలి చివర నుంచి అర సెంటీమీటరులోపే ఉండాలి అంది. నువ్వు బియ్యపు గింజంత అన్నావు. ఒక గింజ తీసి స్కేలు పక్కన పెట్టి చూడు.

వంశధార ఒడ్డు | మంగళవారం మధ్యాహ్నం 2:05

అక్కా, చూశాను. ఇంట్లో ఉన్న సన్నబియ్యమే అయిదున్నర మిల్లీమీటర్లు వచ్చింది.

ఒక్క అనుమానం. గ్లోవ్స్ వేసుకుంటే గోరు ఎలా ఉంటే ఏమవుతుంది? లోపల ఉన్నది లోపలే ఉంటుంది కదా. ట్రైనింగ్‌లో కూడా గ్లోవ్స్ గురించే ఎక్కువ చెప్పారు, గోళ్ళ గురించి పొట్టిగా ఉంచుకోండి అన్న ఒక్క లైను తప్ప ఏమీ చెప్పలేదు.

జయపురం ల్యాబ్ | మంగళవారం మధ్యాహ్నం 3:30

నేను మైక్రోబయాలజీ ల్యాబ్ టెక్నీషియన్‌ని. మీ ప్రశ్నకి నాకు తెలిసినంతలో చెప్తాను సిస్టర్. గ్లోవ్‌కి సన్నటి చిల్లు పడితే చూస్తే తెలియదు, నీళ్ళు పోసి నొక్కితే అప్పుడు దారంలా కారుతుంది. పొడవు గోరు, అందులోనూ జెల్ గోరు అంచు గట్టిగా ఉంటుంది, తొడిగేటప్పుడే చివర సాగి చిరుగు పడే అవకాశం ఎక్కువ. లోపల చెయ్యి చెమటపడుతుంది, వెచ్చగా తడిగా ఉంటుంది, అదే వాటికి కావలసింది. చిల్లు పడితే ఆ తడి బయటికి వస్తుంది. ఇంకోటి, మీరు డైపర్ చూడటానికి ఒకటి, ఫీడ్‌కి ఒకటి మారుస్తూనే ఉంటారు, గ్లోవ్ తీసేటప్పుడు చేతికి అంటుకుంటుంది, అందుకే తీశాక మళ్ళీ రబ్ చేయాలంటారు, గోరు కింద ఉన్నది మాత్రం ఆ రబ్‌కి అందదు. గ్లోవ్స్ ఉన్నా ఏమవుతుందో చూడండి, 2001లో అచ్చయిన ఒక రిపోర్టులో, వెన్నెముక ఆపరేషన్ చేయించుకున్న ముగ్గురికి కాండిడా అనే ఫంగస్ పట్టింది, ముగ్గురి ఆపరేషన్లోనూ చేతులు స్క్రబ్ చేసుకుని సాయానికి నిలబడ్డ టెక్నీషియన్ ఒకరే, ఆ రోజుల్లో ఆవిడ పెట్టుడు గోళ్ళు పెట్టుకుని ఉంది. ఓటీలో ఎంత స్క్రబ్ చేస్తారో, ఎలాంటి గ్లోవ్స్ వేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు.

కల్చర్ ప్లేట్ మీద సూడోమోనాస్ పెరిగితే తెల్లారేసరికి ప్లేటంతా నీలం కలిసిన పచ్చగా మారుతుంది, మూత తీస్తే మాగిన ద్రాక్షపళ్ళ లాంటి తియ్యటి వాసన. పిల్లల వార్డు నుంచి వచ్చిన రక్తం శాంపిల్లో అది కనిపిస్తే నాకు ఆ రోజు అన్నం సయించదు. చాలా మందులకి లొంగదు అది.

బరంపురం పార్లర్ | మంగళవారం సాయంత్రం 5:45

పచ్చ అంటే నాకూ ఒకటి చెప్పాలనిపించింది. నేను పన్నెండేళ్ళుగా బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను, గోళ్ళ పని మొదలుపెట్టి ఆరేళ్ళు. ఫిల్లింగ్‌కి మూడు వారాల్లో రావలసిన ఒకమ్మాయి రెండు నెలలకి వచ్చింది, బొటనవేలి జెల్ ఒక పక్క లేచిపోయి ఉంది, ఫెవిక్విక్ పెట్టి తనే అతికించుకుంది. నేను అరగదీసి పొర ఎత్తితే కింద గోరు పాచిపట్టిన రాయిలాగా ముదురాకుపచ్చ రంగు. నొప్పి లేదు, దురద లేదు, ఆ అమ్మాయికి అసలు తెలియనే తెలియదు. నేను భయపడి స్కిన్ డాక్టర్ దగ్గరికి పంపించాను. ల్యాబ్ బాబు చెప్పిన ఆ క్రిమే అది, అలా గోరు కింద పెరిగితే గోరు పచ్చబడుతుందట. ఆ అమ్మాయి బట్టల షాపులో చేస్తుంది. అదే నర్సయి ఉంటేనో అని ఇప్పుడు ఇది చదువుతుంటే అనిపిస్తోంది.

నా పొట్ట నిండేది ఈ పనితోనే, అయినా నర్సింగ్ చేసే అమ్మాయి పెళ్ళికని వస్తే నేను ఒక్క మాట చెప్తాను, పైన అంటించుకుని తీసేసే ప్రెస్ఆన్ గోళ్ళు పెట్టుకో అమ్మా, రెండు రోజులు ఉంచి పెళ్ళవగానే తీసేయ్ అని. ఇక నుంచి గట్టిగా చెప్తాను.

వంశధార అమ్మాయీ, నువ్వు మా ఊళ్ళోనే పెట్టించుకున్నావు కాబట్టి చెప్తున్నా, దయచేసి పంటితో గానీ బ్లేడుతో గానీ పీకకు. జెల్ రెండు రకాలు. ఒకటి అసిటోన్‌లో నానితే మెత్తబడి వస్తుంది, దూది తడిపి గోటి మీద పెట్టి ఫాయిల్ చుట్టి పావుగంట ఉంచాలి, అంతకుముందు పైన మెరుపు పొర ఫైల్‌తో అరగదీయాలి. ఇంకోటి హార్డ్ జెల్, అది అసిటోన్‌కి కరగదు, మొత్తం అరగదీయడమే, అది చేయి తిరిగినవాళ్ళే చేయాలి. ఏది పెట్టారో పెట్టినవాళ్ళని అడుగు. పీకితే దాంతోపాటు నీ గోటి పొర కూడా లేచి వస్తుంది.

నైట్ డ్యూటీ | మంగళవారం రాత్రి 10:30

సరే, ఇవన్నీ ఒప్పుకుంటాను, ఓక్లహోమా సంగతి నాకు తెలియదు, చదివాక ఒళ్ళు జలదరించింది. కానీ అక్కా, మీరు చెప్పిన దాంట్లో ఒకావిడవి సొంత గోళ్ళే కదా. అంటే పెట్టుడు గోళ్ళ మీదే ఎందుకు పడాలి? గోరింటాకు మాటేంటి? వచ్చే ఆషాఢంలో మా ఇంట్లో అందరం పెట్టుకుంటాం, రజ పండక్కి మా ఒడియా ఫ్రెండ్స్ అలత పెట్టుకుని వస్తారు. నెయిల్ పాలిష్ వేసుకుంటే? ఆడపిల్ల అన్నాక ఏదో ఒకటి ఉంటుంది. అన్నీ మానేయమంటే ఈ ఉద్యోగం ఎవరు చేస్తారు?

పర్లాకిమిడి అక్క | బుధవారం ఉదయం 6:05

నువ్వు సరైన చోటే పట్టుకున్నావు. సొంత గోరైనా పొడవుంటే అదే గొడవ, అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ అర సెంటీమీటరు లెక్క పెట్టింది. గోరింటాకుకి భయం లేదు, ఆ రంగు చర్మంలోకి గోటిలోకి ఇంకిపోతుంది, పైన పొర కట్టదు, నేనూ ఇరవై రెండేళ్ళు ఆషాఢం ఆషాఢానికీ పెట్టుకునే డ్యూటీ చేశాను, ఆకు ముద్ద పూర్తిగా రాలిపోయి చేతులు శుభ్రంగా కడిగాక. అలత కాళ్ళకి పెట్టుకునేదే, దానికేం. నెయిల్ పాలిష్ కొత్తగా వేసినది, పగుళ్ళు లేనిది, పెద్ద తేడా చేయదని చూశారు, కానీ పెచ్చులు లేచిన పాలిష్ మీద క్రిములు నిలుస్తాయి, మన పనిలో రెండో రోజుకే పెచ్చులు లేస్తుంది కాబట్టి నేను మా పిల్లల్ని వేసుకోవద్దనే చెప్పేదాన్ని. పార్లర్లో లైటు కింద పెట్టి ఆరబెట్టే జెల్ పాలిష్ కూడా డ్యూటీకి పనికిరాదు, మామూలు పాలిష్ కంటే దాని మీద నుంచి క్రిముల్ని హ్యాండ్ రబ్‌తో పోగొట్టడం కష్టమని చూశారు.

డాక్టర్ల ఉంగరాల గురించి నువ్వు అన్నది వెయ్యిపాళ్ళు నిజం. ఇంగ్లండులో 2007లో ఆరోగ్యశాఖ వాళ్ళు మోచేతి కింద ఏమీ ఉండకూడదని పెట్టారు, పొడవు చేతుల చొక్కా, వాచీ, పెట్టుడు గోళ్ళు ఏవీ కుదరవు, డాక్టర్లకీ నర్సులకీ ఒకటే రూలు. మన ఎస్‌ఎన్‌సీయూ గుమ్మం దగ్గర కూడా ఉంగరాలు, గాజులు, వాచీ తీసి మోచేతి పైదాకా చేతులు మడిచి కడగాలనే రాసి ఉంటుంది, అది చదవాల్సింది లోపలికి వచ్చే ప్రతి ఒక్కరూ. నేను ఒకసారి పెద్ద డాక్టరుగారి ముందు చిన్న స్టీలు ట్రే పట్టుకుని నిలబడ్డాను, ఉంగరాలు ఇందులో పెట్టండి సార్ అని. ముఖం ఎర్రగా చేసుకున్నారు, మూడు ఉంగరాలూ తీశారు. తర్వాత రోజు నుంచి ఇంటి దగ్గరే తీసి వచ్చేవారు.

ఆ విరిగిన కుళాయి సంగతి ఊరికే వదలకు. ప్రభుత్వాసుపత్రుల శుభ్రతకి మార్కులేసే కాయకల్ప్ తనిఖీ ఉంటుంది కదా, 2015 నుంచి నడుస్తోంది, అందులో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్‌కి, చేతులు కడిగే ఏర్పాట్లకి మార్కులుంటాయి. మీ ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీ ఉంటే ఆ మీటింగులో కుళాయి పేరు మినిట్స్‌లోకి ఎక్కించు. ఇండెంట్ చెత్తబుట్టలోకి పోతుంది, మినిట్స్ ఫైల్లో ఉంటాయి.

రాయగడ నాన్న | బుధవారం రాత్రి 8:40

నేను ఆసుపత్రి మనిషిని కాను, మా చిన్నాన్న కూతురు ఈ చర్చ పంపిస్తే చదివాను. మా పాప ఏడో నెలలో పుట్టింది, పదమూడు వందల గ్రాములు. ఇరవై నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. నన్ను లోపలికి రానిచ్చేవారు కాదు, అద్దం బయట నిలబడేవాణ్ణి. ఒక సిస్టర్ చెయ్యి వార్మర్ లోపల మా పాప వీపు కింద పెడితే ఆ అరచేతిలోనే పాప మొత్తం సరిపోయేది, తల ఆవిడ వేళ్ళ మీద ఉండేది. నేను ఇరవై నాలుగు రోజులూ ఆ చెయ్యే చూశాను, ముఖానికి మాస్కు కాబట్టి ఆవిడ ముఖం ఇప్పుడు కనిపించినా గుర్తుపట్టలేను. తొమ్మిదో రోజున రక్తంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు, ఎవరినీ ఏమీ అనడం లేదు. మందులు మార్చారు, పాప బతికింది, ఇప్పుడు మూడేళ్ళు, అల్లరికి అంతు లేదు.

సిస్టరమ్మా, మిమ్మల్ని అందరి ముందూ అన్నందుకు నాకూ బాధగానే ఉంది. కానీ అక్కడ నిలబడ్డ ఆ ఇద్దరు తల్లుల్లో నేనే ఉండి ఉంటే, తీసేసి రా అన్న ఆవిడకి దణ్ణం పెట్టుకునేవాణ్ణి.

వంశధార ఒడ్డు | గురువారం రాత్రి 9:20

అందరూ ఇంత ఓపిగ్గా రాశారు, నాన్నగారూ మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నిన్న జరిగింది చెప్తాను. నన్ను లోపలికి పంపడం లేదు కదా, తల్లులు బిడ్డని గుండెకి ఆనించుకుని కూర్చునే కంగారూ గదిలో వాళ్ళకి చెప్పే పని ఇచ్చారు. ఒక సవర తల్లి, ఇరవై ఏళ్ళుంటాయేమో, ఒడియా అంతంతమాత్రం, తెలుగు నాలుగు ముక్కలు. బిడ్డ పదిహేను వందల గ్రాములు. మామూలుగా చేసేదే, నెయిల్ కట్టర్ తీసి ఆవిడ చేతికిచ్చి, గోళ్ళు తీసుకో అమ్మా, బిడ్డకి గీసుకుంటుంది, మట్టి ఉంటే జబ్బు చేస్తుంది అని చేత్తో చూపించి చెప్పాను. ఆవిడ కట్టర్ తీసుకుని నా వేళ్ళ వైపు చూసింది. ఏమీ అనలేదు, నవ్వలేదు కూడా, చూసి, తల వంచుకుని చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే కత్తిరించుకుంది, పొలం పని చేసిన చేతులు, గోళ్ళు మందంగా ఉండి కట్టర్‌కి తెగడం లేదు, రెండేసి సార్లు నొక్కుతోంది. నేను చేతులు ఏప్రన్ జేబులో పెట్టేసుకున్నాను. ఆ పది నిమిషాలు అక్కడ నిలబడటం నావల్ల కాలేదు.

డ్యూటీ దిగాక నౌపడ రైలెక్కి పర్లాకిమిడి వెళ్ళాను, బరంపురం దాకా ఓపిక లేదు. పెట్టినవాళ్ళకి ఫోన్ చేస్తే అసిటోన్‌లో నానితే వచ్చే సోక్ ఆఫ్ జెల్లే అన్నారు, పార్లర్ అక్క చెప్పినట్టే ఫాయిల్ చుట్టి తీశారు, గంటపైన పట్టింది. మూడు వందలు. ఉంగరం వేలి గోటి మీద ఒక పక్క అప్పటికే లేచి ఉందట, అరగదీసే అమ్మాయి చూపించింది, నా కంటికి అంతవరకు కనిపించనే లేదు. పచ్చ ఏమీ లేదు, దేవుడి దయ.

ఇవాళ పొద్దున్న సింక్ దగ్గర ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి రెండు చేతులూ చాపి చూపించాను. సరే, మూడో వార్మర్ నీది అన్నారు. తర్వాత టీ టైములో ఆవిడే వచ్చి, ఆ రోజు పక్కకి పిలిచి చెప్పాల్సింది అన్నారు. నేను ఓక్లహోమా సంగతి చెప్పాను, ఆవిడకి తెలియదట, అన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వు, ట్రైనింగ్ అమ్మాయిలకి నువ్వే చెప్పు అన్నారు. పర్లాకిమిడి అక్కా, మీరు రాసింది అలాగే రాసిస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే.

ఒక బాధ మాత్రం ఉంది. గోళ్ళు కాగితంలా పలచబడిపోయాయి, హ్యాండ్ రబ్ తగిలితే చుర్రుమంటోంది. కొబ్బరినూనె రాసుకోవచ్చా?

నైట్ డ్యూటీ | గురువారం రాత్రి 10:50

కాగితం నాకూ పంపు చెల్లీ, మా వార్డులో అంటిస్తాను. కింద మా కుళాయి సంగతి కూడా నేను చేర్చుకుంటాను.

పర్లాకిమిడి అక్క | శుక్రవారం ఉదయం 6:10

తప్పకుండా రాసివ్వు తల్లీ, నా పేరు అక్కర్లేదు. కొబ్బరినూనె రాత్రి పడుకునే ముందు రాసుకో, డ్యూటీకి వచ్చే ముందు మాత్రం వద్దు, నూనె తగిలితే లేటెక్స్ గ్లోవ్స్ దెబ్బతింటాయి. చేతి గోరు నెలకి మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, పాతదంతా పోయి కొత్తది రావడానికి ఆరు నెలలు పడుతుంది, అప్పటిదాకా వారానికోసారి కత్తిరించుకుంటూ ఉండు. మంట మరీ ఎక్కువగా ఉంటే, గోటి పక్కన చర్మం చీలి ఉంటే, అది మానేదాకా ఇన్‌ఛార్జ్‌కి చెప్పి వేరే పని అడుగు, చీలిన చోట కూడా క్రిములు చేరతాయి. ఈసారి ఆవిడ వింటుంది.